గేరు నూనె డబ్బా మీద ఏముంది?



మీ ఇంట్లో సరుకుల ఆటో ఉందనుకోండి. సంఘంలో అప్పు తీసుకుని కొన్నారు. నెలనెలా వాయిదా కట్టాలి. ఒకరోజు మీ ఆయన, "గేరు ఆయిలు మార్చాలి. బజారుకు పోతున్నావు కదా, ఓ డబ్బా పట్రా" అన్నాడు.

మీరు కొట్టుకు పోయారు. "మంచిది ఇవ్వన్నా" అన్నారు. కొట్టతను ఎక్కువ ధర డబ్బా తీశాడు. "దీని మీద 5 అని ఉందమ్మా. 4 కంటే 5 మంచిది" అన్నాడు.

ఆ మాట అన్ని బండ్లకూ నిజం కాదు. ఎందుకో చూద్దాం.

గేరు నూనె ఏం చేస్తుంది?

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెడతాం. పెట్టకపోతే ఇరుసు కీచుమంటుంది. అరిగిపోతుంది. ఆటో గేరుబాక్సులో పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. వాటి మధ్య పలచని పొరలా నిలిచేదే గేరు నూనె. ఆ పొర లేకపోతే పళ్ళు వేడెక్కి అరుగుతాయి. గేరుబాక్సు విప్పాల్సి వస్తుంది. వాయిదాకు దాచిన డబ్బు దానికే పోతుంది.

మొదటి గుర్తు: చిక్కదనం

డబ్బా మీద 90 అనో, 80డబ్ల్యు-90 అనో, 140 అనో ఉంటుంది. ఇది నూనె చిక్కదనం. ఆముదం చిక్కన, వేరుశనగ నూనె పలచన. అలాగే 140 చిక్కన, 90 దానికంటే పలచన.

కొన్నిటి మీద రెండు అంకెలు ఎందుకు? బెల్లం పాకం వేడిగా ఉంటే జారుతుంది. చల్లారితే గట్టిపడుతుంది. నూనె కూడా అంతే. 80డబ్ల్యు అనేది చలిలో ఎలా పారుతుందో చెబుతుంది. 90 అనేది వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది.

రెండవ గుర్తు: తరగతి

జి.ఎల్-4, జి.ఎల్-5 అని ఉంటుంది. ఇది బడిలో తరగతి లాంటిది కాదు. ఏ పనికి ఏ నూనె అని చెప్పే గుర్తు.

బరువు బాగా పడి, పళ్ళు జారుతూ ఒరుసుకునే చోట జి.ఎల్-5 వాడతారు. లారీ వెనక ఇరుసులో ఉండే డిఫరెన్షియల్ అలాంటిది. ఈ నూనెలో గంధకం, భాస్వరం ఉన్న మందు ఎక్కువ కలుపుతారు.

కొన్ని గేరుబాక్సుల్లో ఇత్తడి రింగులు ఉంటాయి. ఇత్తడి బిందెను చింతపండుతో తోముతాం. ఆ పులుపు అలాగే వదిలేస్తే బిందె పాడవుతుంది. కొన్ని జి.ఎల్-5 నూనెల్లోని మందు కూడా ఇత్తడిని అలాగే తింటుంది. అందుకే 4 పోయాల్సిన చోట 5 పోయకూడదు. 5 పోయాల్సిన చోట 4 పోస్తే పళ్ళు అరుగుతాయి.

మరి ఏది కొనాలి?

బండితో పాటు కంపెనీ ఒక పుస్తకం ఇస్తుంది. ఏ నూనె పోయాలో, ఎంత పోయాలో, ఎప్పుడు మార్చాలో అందులో ఉంటుంది. అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నా భయపడకండి. ఉన్నవి ఉన్నట్టు చీటీ మీద రాసుకోండి. కొట్టులో డబ్బా పక్కన చీటీ పెట్టండి. అక్షరానికి అక్షరం, అంకెకు అంకె సరిపోవాలి.

మోటారు సైకిళ్ళలో చాలా వాటికి ఇంజనుకూ గేర్లకూ ఒకే నూనె. ట్రాక్టరు సంగతి వేరు. చాలా ట్రాక్టర్లలో బ్రేకులు కూడా నూనెలోనే మునిగి ఉంటాయి. వాటికి తగిన నూనె వేరే ఉంది. మామూలు గేరు నూనె పోస్తే బ్రేకులు చెడిపోవచ్చు. అక్కడా పుస్తకమే చూడాలి.

కొనేటప్పుడు

విడి నూనె కొనవద్దు. మూత సీలు చూడండి. కంపెనీ పేరు, తయారైన నెల, ఎంత నూనె ఉంది, ధర ఎంత, అన్నీ చదవండి. బిల్లు అడగండి. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది వినియోగదారుల సహాయ నంబరు.

గుర్తుంచుకోండి

పెద్ద అంకె ఉన్నది మంచి నూనె కాదు. ఎక్కువ ధర ఉన్నదీ మంచి నూనె కాదు. మన బండికి చెప్పిన నూనే మంచి నూనె.

చేసి చూడండి

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఉన్న బండి పుస్తకం తెరవండి. గేరు నూనె గుర్తులు వెతకండి. చీటీ మీద రాసి, డబ్బా మీద ఉన్న వాటితో పోల్చండి. సరిపోయాయా?