గండికోటకు ఒంటరిగా: అపోహలు, వాస్తవాలు

విజయవాడలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి రెండు రోజులు సెలవు పెట్టి గండికోట చూసొస్తానంటే, ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ఎండ గురించి కాదు, బస్సుల గురించీ కాదు. "కడప జిల్లాకా? అదీ ఒక్కదానివే?" అంటారు. ఊటీకో గోవాకో పోతానంటే ఇంత కంగారు పడరు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ అందులో రెండు నమ్మకాలు కలిసిపోయి ఉన్నాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి ఊళ్లు ఆడవాళ్లకు ప్రమాదమన్నది ఒకటి. పక్కన తోడుంటే ఆ ప్రమాదం తప్పుతుందన్నది రెండోది. రెండూ పరీక్షకు నిలవవు. పైగా, నిజంగా జాగ్రత్తపడాల్సిన చోట్లను మన కంట పడనివ్వవు.

మొదటి నమ్మకానికి పునాది ఫ్యాక్షన్. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' వచ్చాక, రాయలసీమ అంటే సుమోలు, వేటకొడవళ్లు, నాటుబాంబులు అనే బొమ్మ మిగతా తెలుగు ప్రాంతాల ప్రేక్షకుల మనసుల్లో అచ్చుపడిపోయింది. ఫ్యాక్షన్‌ను సినిమావాళ్లు పుట్టించలేదు. ఈ ఊళ్ల చుట్టుపక్కల పల్లెల్లో దశాబ్దాల పాటు మనుషులు చచ్చారు, కుటుంబాలు ఊళ్లు విడిచిపోయాయి. అయితే ఎవరు ఎవరిని, ఎందుకు చంపారన్నది చూడాలి. ఊరి మీద పెత్తనం, ఎన్నికల్లో ఆధిపత్యం, కాంట్రాక్టులు, వీటి కోసం ఒక వర్గం అవతలి వర్గంలో ఫలానా మనిషిని ఎంచుకుని, కాపుకాసి చంపింది. 2019 మార్చిలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య జరిగింది పులివెందులలో, ఆయన సొంత ఇంట్లోనే. ఈ హింస మనిషిని వెతుక్కుంటూ వెళ్తుంది. బస్సు దిగి కోట చూడ్డానికి వచ్చిన అపరిచితురాలు ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. ఎన్నికల రోజుల సంగతి వేరు. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక వేళ ఉద్రిక్తతను రాష్ట్రమంతా చూసింది. అలాంటి రోజుల్లో ప్రయాణం వాయిదా వేసుకోమనడం మంచి సలహాయే. ఏడాది పొడవునా ఈ దిక్కుకే రావద్దనడం మాత్రం సలహా కాదు, సినిమా.

దీనికి ఎదురుగా సీమలోనే ఇంకో అపోహ ఉంది. "మా పక్క ఎంత కక్షలున్నా ఆడోళ్ల జోలికి మాత్రం పోరు" అని గర్వంగా చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది గానీ దీన్నీ నమ్మకూడదు. ఫ్యాక్షన్ బరువంతా మోసింది భర్తల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లే. బస్సులో చెయ్యి తగిలించేవాడు, బండి మీద వెంటబడేవాడు, పలకరింపు నెపంతో ఫోన్ నంబరు అడిగేవాడు ఏ ఊళ్లోనైనా ఉన్నట్టే ఇక్కడా ఉంటాడు. పౌరుషం ఉన్న నేల కాబట్టి ఆడది భద్రమనడం, ఫ్యాక్షన్ నేల కాబట్టి ఆడదానికి ప్రమాదమనడం, రెండూ ఒక్క తప్పే చేస్తున్నాయి. భద్రతను ఊరి స్వభావంలో వెతుకుతున్నాయి. అది ఉండేది బస్సు వేళల్లో, వీధి దీపాల్లో, చుట్టూ ఎంతమంది ఉన్నారన్న దాంట్లో, పిలిస్తే పోలీసు ఎంతసేపట్లో వస్తాడన్న దాంట్లో. ఒకే ఊరు పొద్దున పదకొండింటికి ఒకలా, రాత్రి పదకొండింటికి ఇంకోలా ఉంటుంది.

ఇక తోడు సంగతి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో మహిళలపై నేరాల కింద 4,45,256 కేసులు నమోదయ్యాయి. వాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా, 31.4 శాతం, భర్తా అతని బంధువులూ పెట్టిన హింసది. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభై అయిదుకు పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. ప్రపంచం మొత్తం మీద చూసినా ఇదే కథ. 2023లో భర్త, సహచరుడు, కుటుంబసభ్యుల చేతుల్లో చనిపోయిన స్త్రీలు, బాలికలు సుమారు 51,100 మంది అని ఐక్యరాజ్యసమితి అంచనా. హత్యకు గురైన ఆడవాళ్లలో అది దాదాపు అరవై శాతం. మనం భయపడమని నేర్పేది దారిలో ఎదురయ్యే ముక్కూమొహం తెలియని మగవాడి గురించి. లెక్కలు ఎక్కువగా చూపించేది ఇంటి గడప లోపలి మనిషిని.

దీనికి సరైన అభ్యంతరమే ఒకటుంది. ఆడవాళ్లు ఎక్కువ సమయం ఇంట్లో, తెలిసినవాళ్ల మధ్య గడుపుతారు కాబట్టి నేరాలు కూడా అక్కడే ఎక్కువగా కనిపిస్తాయి. ఒంటరి ప్రయాణాలే తక్కువైనప్పుడు వాటిలో నేరాలు తక్కువ అనడంలో అర్థమేముంది అంటారు. నిజమే. దారిలో జరిగే వేధింపుల్లో చాలా వాటికి కేసే ఉండదన్నదీ నిజం. కాబట్టి ఈ అంకెలను పట్టుకుని ఒంటరి ప్రయాణంలో ముప్పే లేదని నేననను. నేననేది ఇంతే: ఇల్లు భద్రం, బయట ప్రమాదం అన్న సూత్రానికి ఈ అంకెల్లో ఆధారం లేదు. ఆధారం లేని సూత్రం మీద ఒక మనిషి జీవితకాలపు తిరుగుడంతా కత్తిరించడం న్యాయం కాదు. ఆ కత్తిరింపుకు ఖరీదు కూడా ఉంది. ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, దారి కాస్త భద్రంగా అనిపిస్తే చాలు, అమ్మాయిలు తమ మార్కులకు అందే మంచి కాలేజీని వదిలి అంతకన్నా తక్కువ స్థాయి కాలేజీలో చేరుతున్నారని తేలింది. అబ్బాయిల విషయంలో ఆ లోటు అంతగా లేదు. భయం ఊరికే మనసులో ఉండిపోదు, చదువులోంచి, జీతంలోంచి కోత కోస్తుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం గండికోట నుంచే వస్తుంది. 2025 జూలైలో ఆ కోటలో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. దాన్ని పక్కన పెట్టి గండికోట భద్రత గురించి రాయడం నిజాయితీ కాదు. ఆ అమ్మాయి దూరం నుంచి కోట చూడ్డానికి ఒంటరిగా వచ్చిన యాత్రికురాలు కాదు. అంత మాత్రాన ఆ హత్య మన వాదనకు సంబంధం లేనిదీ కాదు. కోట లోపల కూలిన గోడల వెనక, ముళ్లచెట్ల మధ్య, అరిచినా ఎవరికీ వినపడని చోట్లున్నాయి. అది కోటను చూసుకోవాల్సినవాళ్ల లోపం. ఆ లోపానికి జవాబు ఆడవాళ్లు కోటకు రాకపోవడమైతే, మనుషులు ఇంకా తగ్గి ఆ చోట్లు మరింత నిర్మానుష్యమవుతాయి. 1961లోనే రచయిత్రి జేన్ జేకబ్స్ అమెరికా నగరాల గురించి రాస్తూ, వీధిని కాపాడేది పోలీసుల కన్నా ముందు ఆ వీధిని చూస్తుండే మామూలు జనం కళ్లు అని వాదించింది. మన పల్లెల్లో ఇంటి ముందు అరుగుల మీద కూర్చునే ముసలమ్మలు చేసే పని అదే. కోటకు ఎంతమంది ఆడవాళ్లు వస్తే కోట అంత క్షేమంగా మారుతుంది.

ఒంటరి ప్రయాణం నగరం పిల్లల కొత్త మోజు అన్న మాట కూడా ఈ జిల్లాలో అతకదు. ఉమ్మడి కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి వైపు నుంచి, ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు వేలమంది. మొదటిసారి ఇల్లు దాటడమే విమానం ఎక్కడానికి అయినవాళ్లు, అక్షరం రానివాళ్లు, పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి భాష తెలియని దేశానికి ఒంటరిగా వెళ్లారు. వాళ్లలో ఎందరో అక్కడ మోసపోయారు, దెబ్బలు తిన్నారు. ఆ వలసను గొప్పగా చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఇంటి అప్పు తీర్చడానికి సముద్రం దాటి ఒంటరిగా వెళ్లమన్నప్పుడు అడ్డురాని భయం, తన ఇష్టం కొద్దీ ఆడమనిషి కొండా కోనా చూసొస్తానన్నప్పుడే ఎందుకు అడ్డొస్తుందో ఆలోచించాలి. అవసరం కోసం తిరిగితే కష్టజీవి, సంతోషం కోసం తిరిగితే బరితెగించింది అనే లెక్కను భద్రత పేరుతో నడిపిస్తున్నాం. పులివెందులకు దగ్గర్లోని ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. పదో తరగతి దాటగానే రాష్ట్రం నలుమూలల నుంచి ఆడపిల్లలు అక్కడ హాస్టళ్లలో చేరుతున్నారు. అంటే బిడ్డను ఏళ్ల తరబడి ఇక్కడ ఉంచడానికి ధైర్యం చేసిన తల్లిదండ్రులు వేలల్లో ఉన్నారు.

ఇప్పుడు ఊళ్లను వాటి అసలు రూపంలో చూద్దాం. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. బంగారం, బట్టల వ్యాపారం మీద బతికే ఊరు, ఆ అంగళ్లకు వచ్చే కొనుగోలుదారుల్లో ఆడవాళ్లే ఎక్కువ. బజారులో ఆడమనిషి ఒంటరిగా నడవడం ఇక్కడ వింత కాదు. దసరాకు అమ్మవారిశాలలో వాసవీ కన్యకాపరమేశ్వరి అలంకారాలు చూడ్డానికి జనం పొద్దుపోయేదాకా వీధుల్లోనే ఉంటారు. ఆ రద్దీ కొంత రక్షణ, కొంత చిరాకు కూడా, తోపులాటను అలుసుగా తీసుకునేవాళ్లు ఉంటారు. చిన్న ఊళ్లలో కొత్తగా వచ్చిన ఆడమనిషికి చూపులు, ప్రశ్నలు తప్పవు. "ఎవురమ్మాయివి? యాడికి పోవాల? నీ ఎనక ఎవురూ రాలేదా?" అని బస్టాండులో పూలమ్మే అవ్వ నుంచి కండక్టరు దాకా అడుగుతారు. నగరంలో పెరిగినవాళ్లకు ఇది నిఘాలా అనిపిస్తుంది; కొంతవరకు నిఘానే. కానీ ఆ అవ్వను "అవ్వా, గండికోట బస్సు ఎప్పుడుంది?" అని ఒక్కసారి అడిగితే చాలు, ఆ బస్సు వచ్చేదాకా మీ మీద ఒక కన్నేసి ఉంచుతుంది.

గండికోటలో రోజువారీ ప్రమాదాలు వేరే. జమ్మలమడుగు నుంచి సుమారు పదిహేను కిలోమీటర్లు. చార్‌మినార్ అని పిలిచే బురుజు దాటి, లోపలి ఊరి ఇళ్ల మధ్య నుంచి మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి వరకు దారి బాగానే ఉంటుంది, మనుషులు కనిపిస్తారు. మసీదు దాటాక పెన్నా లోయ అంచు. ఎర్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, చాలా చోట్ల పట్టుకోవడానికి ఏమీ లేదు. ఫోటో కోసం చివరి బండ మీదికి ఎక్కిన మనిషికి ఆడా మగా తేడా లేదు, కాలు జారితే వందల అడుగుల కిందికే. మార్చి దాటితే ఎండ దెబ్బ రెండో ప్రమాదం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వస్తే మేలు. లోయలోకి ఒంటరిగా దిగవద్దు. చీకటి పడ్డాక కోటలో తిరగవద్దు. ఇవి మగవాళ్లకూ చెప్పాల్సిన జాగ్రత్తలే, కాకపోతే వాళ్లకు చెప్పం.

ఒంటరి ఆడదానికి లాడ్జిలో గది ఇవ్వకూడదని చట్టం ఉందని చాలామంది నమ్ముతారు, కొందరు లాడ్జివాళ్లు కూడా అలాగే చెప్తారు. అలాంటి చట్టం ఏదీ లేదు. గుర్తింపు కార్డు అడగొచ్చు, ఆడమనిషి అన్న కారణంతో గది లేదనడానికి చట్టం ఆసరా ఇవ్వదు. గండికోటలోనే పర్యాటక సంస్థ వాళ్ల హరిత హోటల్ ఉంది, ముందే గది తీసుకుని వెళ్తే రాత్రివేళ వెతుకులాట ఉండదు. పోలీసుల గురించిన అపోహ ఇంకొకటి: మన ఊరు కాదు కాబట్టి ఫిర్యాదు తీసుకోరని. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చెయ్యాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది ఇదే. అత్యవసరానికి 112, మహిళలకు 181. కాగితం మీద ఉన్న చట్టం స్టేషను బల్ల దగ్గర అంత తేలిగ్గా పని చెయ్యకపోవచ్చు; కానీ సెక్షన్ నంబరు తెలిసి అడిగే మనిషిని వెనక్కి పంపడం కష్టం.

అన్నిటికన్నా పెద్ద మార్పు బస్సుల్లో వచ్చింది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు ఖర్చు లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ ఆర్టీసీ డిపోలున్న ఊళ్లే. పులివెందుల నుంచి వేంపల్లె మీదుగా గండి వీరాంజనేయస్వామి గుడికి, అక్కడ కొండల నడుమ పాపాఘ్ని దారి చేసుకున్న చోటు చూడ్డానికి, ఎవరి దగ్గరా డబ్బు అడగకుండా వెళ్లగల ఆడవాళ్లు ఇప్పుడు ఉన్నారు. ఉచిత బస్సు వల్ల రద్దీ పెరిగిందని విసుక్కునేవాళ్లకు ఒక మాట: ఆడవాళ్లు నిండిన బస్సే ఒంటరి ఆడదానికి అన్నిటికన్నా నిశ్చింతైన బస్సు. బస్సు తర్వాత నడకలోనే ఇంకా లోటుంది. కేంద్రం 2024లో గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బులో మొదటి వాటా పడవలకూ లేజర్ షోలకూ కాకుండా, నీళ్లొచ్చే, గడియపడే మరుగుదొడ్లకు, మసీదు నుంచి ప్రధాన ద్వారం వరకు దీపాలకు, సాయంత్రం దాకా కోటలో ఉండే మహిళా పోలీసులకు పోవాలి. సూర్యాస్తమయం చూశాక జమ్మలమడుగుకు తిరిగి చేరేందుకు ఖాయంగా ఒక బస్సుండాలి, దాని వేళ కోట వాకిట్లో రాసి ఉండాలి. ఇవి అడగాల్సింది పర్యాటక శాఖను, పురావస్తు శాఖను, జమ్మలమడుగు డిపోను. "ఒక్కదానివే ఎందుకు?" అని ఇంట్లో బిడ్డను అడిగేవాళ్లు ఈ మూడు ఆఫీసులకూ తలా ఒక అర్జీ రాయొచ్చు.