భూకంపానికి బెదరని కొయ్య మేడలు

పెద్ద భవనం కలకాలం నిలవాలంటే ఏం చెయ్యాలి? స్తంభాలను భూమిలో లోతుగా పాతాలి, దూలాలను మేకులతో గట్టిగా బిగించాలి అంటారు కదూ? పూర్వం చైనా వడ్రంగులు ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా ఆలోచించారు!

బీజింగు నగరంలోని 'నిషిద్ధ నగరం' చూడండి. మింగ్ వంశపు చక్రవర్తి యుంగ్‌లో 1406లో దీని నిర్మాణం మొదలుపెట్టించాడు. 1420లో పూర్తయింది. విస్తీర్ణం సుమారు 72 హెక్టార్లు. చుట్టూ 52 మీటర్ల వెడల్పున్న కందకం. అనుమతి లేనిదే ఎవరూ లోపల అడుగు పెట్టరాదు. అందుకే ఆ పేరు. మొత్తం 24 మంది చక్రవర్తులకు ఇది నివాసం.

ఇక్కడి మందిరాల స్తంభాలను నేలలో పాతలేదు. రాతి పీటల మీద ఊరికే నిలబెట్టారు. నేల కదిలితే అవి కొద్దిగా జరుగుతాయి, విరగవు. స్తంభాలకూ కప్పుకూ మధ్య చిన్న చిన్న కొయ్య దిమ్మెలను గాడులు తీసి, ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు పేర్చారు. వీటిని 'దౌగోంగ్' అంటారు. మేకులతో పని లేదు.

మీ అరచేతులు గట్టిగా రుద్దుకోండి. వెచ్చబడ్డాయి కదా? భూకంపం వచ్చినప్పుడు ఈ దిమ్మెలు కూడా అలాగే ఒరుసుకుంటాయి. ఊపులోని శక్తి కొంత ఆ రాపిడిలో వేడిగా మారి ఖర్చయిపోతుంది. పైగా కప్పు బరువు మోసేవి స్తంభాలే, గోడలు కావు. గోడ కూలినా కప్పు నిలుస్తుంది. 1976లో తాంగ్‌షాన్ నగరాన్ని నేలమట్టం చేసిన భూకంపం బీజింగును కూడా కుదిపింది. ఈ ప్రధాన మందిరాలు మాత్రం కూలలేదు.

మరి కొయ్యకు శత్రువే లేదా? ఉంది, నిప్పు! 1421లోనే, అంటే కట్టిన మరుసటి ఏడాదే, పిడుగు పడి మూడు పెద్ద మందిరాలు కాలిపోయాయి. మళ్ళీ కట్టారు, మళ్ళీ కాలాయి. ఇప్పుడున్న అతిపెద్ద మందిరం 1690ల నాటిది.

అందుకే ఆవరణల్లో పెద్ద పెద్ద లోహపు గంగాళాలు పెట్టి నీళ్ళు నింపి ఉంచేవారు. చలికాలంలో నీరు గడ్డకడితే? గంగాళం కింద బొగ్గుల నిప్పు పెట్టేవారు. నిప్పును ఆర్పే నీటికి నిప్పే కాపలా అన్నమాట!

1925లో ఈ రాజప్రాసాదం మ్యూజియం అయింది. ఆ గంగాళాలు ఈనాటికీ అక్కడ కనిపిస్తాయి.