స్ప్రింగు కోస్తే సోకు... గతుకు వస్తే షాకు!

మాదాపూర్: సాయంత్రం ఏడు దాటితే సైబర్ టవర్స్ కూడలిలో కార్ల బారు ఓ పట్టాన కదలదు. ఆ బారులో అప్పుడప్పుడు ఒక కారు అందరి కళ్లనూ లాగేస్తుంది. రెండే తలుపులు, వెడల్పాటి టైర్లు, పొట్ట నేలకు ఆనుతోందా అన్నంత పల్లం. స్పీడ్ బ్రేకర్ ఎదురైందా, ఆ దర్జా అంతా హుళక్కే. బండిని మూలగా తిప్పి ఒక్కో చక్రాన్నీ ఎక్కించి దించుకుంటూ నిండు చూలాలిలా దాటాలి. వెనక ఆటోవాలా హారన్ ఆపడు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత రాళ్లగుట్టల మధ్య మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వరకు అద్దాల మేడలు లేచాయి. వాటిలో పనిచేసే కుర్రకారులో పల్లెల నుంచి వచ్చినవారు తక్కువేమీ కాదు. చేతిలో డబ్బు ఆడేసరికి కొందరికి పాత స్పోర్ట్స్ కారు కొని దాన్ని ఇంకా కిందికి దించాలన్న సరదా పుడుతోంది. దీన్నే 'లోయరింగ్' అంటున్నారు.

ఇది ఉత్త సోకు మాత్రమే కాదు. గడ్డి ఎత్తుగా వేసిన బండి మలుపులో ఒరుగుతుంది, అదే ఖాళీ బండి ఒరగదు. బరువు నేలకు దగ్గరైన కొద్దీ మలుపులో కారు నిలకడగా ఉంటుంది. అయితే ఎలా దించారన్న దగ్గరే వస్తుంది చిక్కంతా.

జట్కా బండి ఎక్కినవారికి కమాను పట్టీలు తెలిసినవే. పట్టీ మీద పట్టీ రాసుకోవడంతో ఊగుడు దానంతటదే కొంత తగ్గుతుంది. కారులోని చుట్ట స్ప్రింగుకు ఆ రాపిడి లేదు. ఒకసారి నొక్కితే ఎగిరెగిరి పడుతూనే ఉంటుంది. దాన్ని పట్టి ఆపేది షాక్ అబ్జార్బరు, అంటే మెకానిక్కుల వాడుకలో షాకర్. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేస్తే జత కుదరదు.

చవకలో పని కానిచ్చేవారు స్ప్రింగులో ఒక చుట్టు కోసేస్తారు. ఆరు చుట్ల స్ప్రింగులో ఒకటి తీస్తే మిగిలినది ఇరవై శాతం బిరుసెక్కుతుంది. పాత షాకర్ ఆ బిరుసును పట్టలేదు. కోసిన కొస తన గూటిలో సరిగా కూర్చోదు. చక్రం గోతిలోకి జారినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు తప్పుకునే ప్రమాదం ఉంది. గ్యాస్ కట్టర్‌తో కోస్తే మరీ చేటు. కర్రును కాల్చి ఊరికే చల్లారనిస్తే పదును పోతుందని కమ్మరికి తెలుసు. స్ప్రింగు ఉక్కు సంగతీ అంతే.

సరైన దారి ఖరీదైనది. ఇరవై అయిదు, ముప్పై మిల్లీమీటర్లు దించాలంటే అందుకోసమే తయారైన పొట్టి స్ప్రింగులు దొరుకుతాయి. షాకర్లు గట్టిగా ఉంటే వాటితో సరిపెట్టుకోవచ్చు. అంతకు మించి దించితే షాకర్లు కూడా పొట్టివి కావాలి. చక్రం పైదాకా వచ్చి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. స్ప్రింగూ షాకరూ ఒకే జతగా వచ్చే 'కాయిలోవర్'లో మర చుట్టును తిప్పి ఎత్తు సరిచేసుకోవచ్చు. జర్మనీ బిల్‌స్టీన్, స్వీడన్ ఓలిన్స్, జపాన్ కేవైబీ వంటివి షాకర్లలో పేరున్న కంపెనీలు. పేరున్న విదేశీ కాయిలోవర్ సెట్టు లక్ష పైమాటే. బిగించాక చక్రాల అలైన్‌మెంటు చేయించకపోతే కొత్త టైర్లు లోపలి అంచున అరిగి కొద్ది నెలల్లోనే గుండవుతాయి.

ఎంత దించాలో అద్దంలో చూసి కాదు, నడిచే దారిని చూసి తేల్చుకోవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అడుగున పన్నెండు సెంటీమీటర్ల ఖాళీ ఉన్న కారును మూడు దించితే మిగిలేది తొమ్మిది. వెడల్పు దిమ్మ మీద అయితే చక్రాలు కూడా దానితోపాటే పైకి లేస్తాయి కనుక పొట్ట తగలకుండా గట్టెక్కవచ్చు. కాని చేవెళ్ల దారిలోనో మరో చోటనో ఊరి ముందు అడుగున్నర వెడల్పున పోసిన సిమెంటు దిమ్మ ఉంటుంది. ముందు చక్రాలు దాటి, వెనక చక్రాలు ఇంకా ఎక్కని క్షణంలో కారు పొట్ట దాని మీద కూర్చుంటుంది. ఇంజను అడుగున ఆయిలు తొట్టి పగిలిందా, ఇక లాగుడు బండే గతి. దిమ్మ పోసిన ఊరివారిని తిట్టి లాభం లేదు. బడి పిల్లలు రోడ్డు దాటే చోట వేగం తగ్గాలనే వారు పోశారు. సంక్రాంతికి ఇంటికి బయల్దేరే కుర్రవాడు ఈ దారి గుర్తుపెట్టుకుని దించుకోవాలి.

చట్టం సంగతి వేరే ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగాక బీమావారితో పేచీ వస్తే అది అదనం. రవాణా కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకుంటే సగం తలనొప్పి తప్పుతుంది.

ఇంతకీ పల్లెవారికి దీనితో ఏం పని? పని ఉంది. నగరంలో మోజు తీరిన కార్లు చేతులు మారి చివరికి ఊళ్లకే చేరుతున్నాయి. కొనేవారు రంగు చూసి మురిసిపోకుండా ముందు వంగి చూడాలి. టైరుకూ పైనున్న రేకుకూ మధ్య రెండు వేళ్లు పట్టకపోతే అనుమానించాలి. టైరు లోపలి అంచు అరిగిందా, షాకర్ మీద నూనె చెమ్మ ఉందా చూడాలి. తర్వాత జాకీ పెట్టి చక్రం లేపించి స్ప్రింగును చేత్తో కదపాలి. గలగలమని ఆడినా, కొసన రంపపు గాటు కనిపించినా, బయానా ఇవ్వకముందే ఆ నాలుగు స్ప్రింగుల ఖరీదూ బేరంలో తగ్గించమనాలి. అమ్మే మనిషి దగ్గర కంపెనీ స్ప్రింగులు ఇంకా మూలన పడి ఉన్నాయేమో కూడా అడగవచ్చు. చాలామంది వాటిని పారేయరు.