శేరిలింగంపల్లిలో క్రీడాభూమి: ప్రభుత్వ ప్రోత్సాహం, పరిణామాలు

వ్యాససంగ్రహం: క్రీడలకు ప్రభుత్వ సహాయం అనగానే నగదు పురస్కారాలు, ఉద్యోగాలు గుర్తుకు వస్తాయి. రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో ఆ సహాయం ప్రధానంగా భూమి రూపంలో అందింది. 2002-03 ప్రాంతంలో క్రీడల పేరుతో ఇక్కడ జరిగిన మూడు భూవినియోగాలను పోల్చి, అవి మూడు దారులు పట్టడానికి గల కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: శేరిలింగంపల్లి, గచ్చిబౌలి, క్రీడావిధానం, భూకేటాయింపు, అథ్లెటిక్స్, శిక్షణ.

1. ఉపోద్ఘాతం

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో క్రీడలు రాష్ట్ర జాబితాకు చెందిన అంశం. 33వ పద్దులో నాటకశాలలు, సినిమాలు, వినోదాల సరసన వాటికి చోటు దక్కింది. ఆటను కాలక్షేపంగా చూసిన కాలపు ఆలోచన ఆ పద్దు కూర్పులోనే కనిపిస్తుంది. కేంద్రం ఈ రంగంలోకి బలంగా అడుగుపెట్టింది 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తరువాతనే. ఆ క్రీడలకోసం కట్టిన స్టేడియాలను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నకు జవాబుగా 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ, అంటే ‘సాయ్’, ఏర్పడింది. ముందు కట్టడం, తరువాత దానికి ఒక పని వెతకడం అనే ఈ వరుస ఇరవై ఏళ్ల తరువాత హైదరాబాదులోనూ పునరావృతమైంది.

రాష్ట్రాల చేతిలో నగదు తక్కువ, భూమి ఎక్కువ. నగర శివార్లలో ప్రభుత్వ భూమి విస్తారంగా ఉన్న రోజుల్లో క్రీడలకు ఎకరాలు ఇవ్వడం ఖర్చులేని ఔదార్యంగా కనిపించేది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత శేరిలింగంపల్లిలో ఆ లెక్క మారిపోయింది.

2. స్టేడియం

2002 డిసెంబరులో జరిగిన 32వ జాతీయ క్రీడలకోసం గచ్చిబౌలిలో అథ్లెటిక్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈతకొలను, క్రీడాకారుల వసతి భవనాలు నిర్మితమయ్యాయి. అదే ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరును అథ్లెటిక్ స్టేడియానికి పెట్టారు. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007 ప్రపంచ సైనిక క్రీడలు, 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు ఈ ప్రాంగణానికి వచ్చాయి. ఆఫ్రో-ఏషియన్ క్రీడలలో అంజూ బాబీ జార్జ్ లాంగ్ జంప్ స్వర్ణం గెలుచుకున్నారు.

పోటీలు ముగిసిన తరువాతి జీవితమే స్టేడియానికి అసలు పరీక్ష. ఫుట్‌బాల్ లీగ్‌కు, సంగీత విభావరులకు, సభలకు ఈ మైదానం అద్దెకు వెళ్లింది. నిర్వహణ ఖర్చు రాబట్టుకోవలసిన సంస్థను ఇందుకు తప్పుపట్టలేము. కాని అథ్లెటిక్స్ స్వభావం వేరు. నాలుగు లైన్లలో పరుగెత్తడానికి రోడ్డు అంచు సరిపోవచ్చు, హెప్టాథ్లాన్‌కు సరిపోదు. హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు అనే ఏడు అంశాలకు ట్రాక్, దూకే గుంత, విసిరే పచ్చిక అన్నీ కావాలి. పచ్చికపై వేదిక కట్టిన రోజున జావెలిన్ సాధన ఆగిపోతుంది. ఆదాయం తెచ్చే రోజులు, సాధన జరిగే రోజులు ఒకదాన్నొకటి తినేస్తాయి.

2020 ఏప్రిల్‌లో కోవిడ్ కాలంలో ప్రాంగణంలోని క్రీడాకారుల వసతి గృహం 1500 పడకల ‘టిమ్స్’ ఆసుపత్రిగా మారింది. ఆపత్కాలంలో ఆ నిర్ణయం సమంజసమే. అయితే క్రీడాకారుల కోసం కట్టిన బహుళ అంతస్తుల భవనం అంత వేగంగా వేరే పనికి మారగలగడం, అప్పటికి అది క్రీడలకు ఎంతగా ఉపయోగపడుతున్నదో చెప్పకనే చెబుతుంది.

3. అయిదు ఎకరాలు

2001 మార్చిలో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. అకాడమీ స్థాపించడానికి 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టేడియానికి సమీపంలో అయిదు ఎకరాలు లీజుకు ఇచ్చింది. భూమి దొరికినంత సులువుగా భవనం లేవలేదు. గోపీచంద్ తన ఇంటిని తనఖా పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్ల రూపాయలు సమకూర్చారు. 2008లో అకాడమీ ప్రారంభమైంది.

నాలుగేళ్లకు లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, మరో నాలుగేళ్లకు రియోలో పి.వి. సింధు రజతం సాధించారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కిదాంబి శ్రీకాంత్ 2018లో ప్రపంచ మొదటి ర్యాంకు అందుకున్నారు. అమలాపురం నుంచి వచ్చిన సాత్విక్ సాయిరాజ్ డబుల్స్‌లో ప్రపంచస్థాయికి ఎదిగారు. 2022లో భారత్ తొలిసారి థామస్ కప్ గెలిచిన జట్టులో వీరిద్దరూ ఉన్నారు. కోనసీమ కుర్రవాడు గచ్చిబౌలిలో ఎదగాలంటే కోర్టు ఒక్కటే చాలదు. పడుకోవడానికి మంచం, వేళకు భోజనం, తెల్లవారుజామున నిద్రలేపే శిక్షకుడు కావాలి. అయిదు ఎకరాలలో ఇవన్నీ ఒకచోట చేరాయి. భూమి ఇచ్చింది ప్రభుత్వం; దానిని ఫలవంతం చేసింది అక్కడే నిత్యం నిలబడిన ఒక శిక్షకుడు.

దీన్నిబట్టి ప్రైవేటు అకాడమీయే మేలు, ప్రభుత్వ స్టేడియం వృథా అన్న నిర్ణయానికి రావడం తొందరపాటు అవుతుంది. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు 2021లో సింధు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే కొరియా శిక్షకుడు పార్క్ టే-సాంగ్ వద్ద సాధన చేసి, కాంస్యంతో తిరిగివచ్చారు. పెద్ద హాలులోని గాలి కదలికలకు అలవాటు పడడానికి ఆ ప్రభుత్వ కట్టడమే అనువుగా తోచింది. శిక్షకుడు వచ్చి నిలబడగానే పాత హాలుకు మళ్లీ ప్రాణం వచ్చింది.

4. నాలుగు వందల ఎకరాలు

మూడవ ఉదాహరణ పరిమాణంలో అన్నిటికన్నా పెద్దది; క్రీడాపరంగా శూన్యం. 2003 ఆగస్టు 9న ప్రభుత్వం ఐఎంజీ అకాడమీస్ భారత అనే సంస్థతో అవగాహన ఒప్పందం చేసుకుంది. అంతర్జాతీయ క్రీడా శిక్షణ కేంద్రాలకోసం కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు, ఎకరా 50,000 రూపాయల చొప్పున ఇవ్వడం దాని సారాంశం. ఆ సంస్థ ఒప్పందానికి నాలుగు రోజుల ముందే నమోదైంది. కంచ అంటే పశువుల మేతకు వదిలిన బీడు. ఈ కంచ హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఆనుకొని ఉంది. 2004లో విశ్వవిద్యాలయానికి బదులుగా గోపనపల్లిలో 397 ఎకరాలు చూపారు.

2006లో కొత్త ప్రభుత్వం కేటాయింపును రద్దుచేసింది. కేసు పద్దెనిమిదేళ్లు నడిచింది. 2024 మార్చిలో తెలంగాణ హైకోర్టు రద్దును సమర్థించింది. మే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. భూమి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ చేతికి వచ్చాక దానిని ఐటీ అవసరాలకు వేలం వేసే ప్రతిపాదన వచ్చింది. 2025 మార్చి చివర యంత్రాలు చెట్లు కూల్చాయి. విద్యార్థులు ఎదురు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది.

ఈ వివాదంలో చెట్ల గురించి, జింకల గురించి, హక్కుల గురించి చాలా చర్చ జరిగింది, జరగవలసినదే. ఆ నేల మొదట క్రీడలకని కేటాయించిన సంగతి మాత్రం కోర్టు కాగితాలకే పరిమితమైంది. 2023లో సమీపంలోని కోకాపేటలో ఒక ఎకరా వేలంలో 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఆ ధరల ముందు పరుగుబాట అతి తక్కువ ఆదాయం ఇచ్చే భూవినియోగం. శిక్షణ ప్రారంభించవలసిన గడువు, ఎందరు పిల్లలకు ఎన్నేళ్లు అన్న లెక్క, తప్పితే భూమి తిరిగి రావడమనే షరతు గట్టిగా లేకపోతే, క్రీడ అనే మాట భూమిని తక్కువ ధరకు కదిలించే సాధనంగా మిగిలిపోతుంది.

5. గెలుపుకు ముందు, గెలుపు తరువాత

నగదు పురస్కారాల సంగతి దీనికి భిన్నం. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 మేలో కోబెలో, మేధోవైకల్యం గల క్రీడాకారుల 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ కాంస్యం గెలిచారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. శిక్షకుడు నాగపురి రమేష్‌కు 10 లక్షలు ప్రకటించింది. శిక్షకుని పేరు ఆ ప్రకటనలో ఉండడం విశేషం, ఎందుకంటే సాధారణంగా ఆ పేరు వినిపించదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివి, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో కాంస్యం సాధించిన అగసర నందిని కూడా రమేష్ వద్ద సాధన చేసినవారే. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి తొలి మెళకువలు నేర్చింది కూడా హైదరాబాద్ సాయ్ కేంద్రంలో ఆయన వద్దనే.

ఈ ముగ్గురి విషయంలో ప్రభుత్వ సొమ్ము రెండు దశలలో కనిపిస్తుంది. మొదటిది గురుకుల హాస్టల్, సాయ్ శిక్షణ, ట్రాక్ రూపంలో. దానికి వార్తాపత్రికలో ఫొటో ఉండదు. రెండవది పతకం తరువాత చెక్కు రూపంలో. చెక్కు వృథా అనలేము: ఆసియా పారా క్రీడల బహుమతితో దీప్తి కుటుంబం కష్టకాలంలో అమ్ముకున్న పొలాన్ని తిరిగి కొనుక్కున్నట్లు పత్రికలు రాశాయి. అయితే పతకానికి ముందు పదేళ్లలో ఆగిపోయిన పిల్లలకు ఆ చెక్కు చేరదు. కేంద్రం 2014లో ప్రారంభించిన ఒలింపిక్ పోడియం పథకం ఎంపికైన కొద్దిమందికి నెలవారీ భత్యం ఇస్తుంది. దాని దిగువ మెట్టుగా ఖేలో ఇండియా వచ్చింది. ఆ దిగువ మెట్టు కింద మిగిలేది పాఠశాల మైదానం, వ్యాయామ ఉపాధ్యాయుడు.

6. ప్రస్తుత స్థితి

2024లో తెలంగాణ ప్రభుత్వం యంగ్ ఇండియా పేరుతో వ్యాయామవిద్య, క్రీడల విశ్వవిద్యాలయాన్ని ప్రకటించి శాసనసభలో చట్టం చేసింది. గచ్చిబౌలి క్రీడా ప్రాంగణమే దానికి వేదికగా పేర్కొన్నారు. 2002లో జాతీయ క్రీడలకోసం పరచిన నేలకు ఇది మరో కేటాయింపు. శిక్షకులను తయారుచేసే సంస్థగా అది నిలిస్తే, గచ్చిబౌలి ప్రాంగణానికి మొదటినుంచి లేని భాగమే దానికి చేరుతుంది. ట్రాక్‌పై సాధనకు ఏడాదిలో ఎన్ని రోజులు కేటాయిస్తారు, అద్దె కార్యక్రమాలకు ఎన్ని రోజులు వదులుతారు, శిక్షకుల ఉద్యోగాలు శాశ్వతమా ఒప్పందంపైనా అన్నవి విశ్వవిద్యాలయ నియమావళిలో రాసుకోదగిన సంగతులు.