నిరంతర లభ్యత: మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల కూర్పులో ప్రణాళిక

వ్యాససంగ్రహం: పెద్ద కంప్యూటర్లు ఆగకుండా సేవలందించాలంటే వాటి కూర్పును ముందుగా ఎలా ఆలోచించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. లభ్యతను యంత్రం వైపు నుంచి కాక, సేవ పొందే మనిషి వైపు నుంచి కొలవాలన్నది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: లభ్యత, మెయిన్‌ఫ్రేమ్, ప్యారలల్ సిస్‌ప్లెక్స్, నెఫ్ట్, మద్నూర్.

1. ఉపోద్ఘాతం

కామారెడ్డి జిల్లాలోని మద్నూర్ మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువలో ఉన్న పత్తి మార్కెట్. ఇక్కడ పత్తి అమ్మిన రైతుకు మద్దతు ధర సొమ్ము బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఎక్కడో ఉన్న కంప్యూటర్లు ఆగితే, పంట అమ్ముడైనా కూలీల బాకీ తీరదు. 'లభ్యత' అనే మాటలోనే 'లభించడం' ఉంది. యంత్రం నడుస్తున్నదా అన్నది కాదు, సేవ లభించిందా అన్నదే ప్రశ్న.

2. లభ్యత లెక్క

ఏడాదికి 8,760 గంటలు. 99.9 శాతం లభ్యత అంటే ఏడాదిలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు సేవ ఆగవచ్చు. 99.999 శాతమైతే సుమారు 5 నిమిషాలే. కంప్యూటర్, డిస్కు, సమాచార మార్గం ఒక్కొక్కటి 99 శాతం లభ్యమైనా, మూడూ కలిసిన గొలుసు లభ్యత 97 శాతమే. ఒకటి ఆగితే మరొకటి పని అందుకునేలా అలాంటి యంత్రాలను రెండు పెడితే లభ్యత 99.99 శాతానికి పెరుగుతుంది. అయితే రెండూ ఒకే కరెంటు లైనుపై ఆధారపడితే ఈ లెక్క చెల్లదు.

3. కూర్పు సూత్రాలు

మొదట, ఏ ఒక్క భాగం చెడితే మొత్తం ఆగుతుందో గుర్తించాలి. ఐబీఎం 1994లో ప్రకటించిన ప్యారలల్ సిస్‌ప్లెక్స్‌లో 32 వరకు సిస్టమ్‌లు ఒకే సమాచారాన్ని పంచుకోగలవు. వాటిని సమన్వయపరిచే కప్లింగ్ ఫెసిలిటీ ఒక్కటే ఉంటే అదే బలహీనత అవుతుంది. అందుకే దాన్ని వేర్వేరు యంత్రాలలో రెండుగా ఏర్పరుస్తారు.

రెండవది పనిభారం. సమాన సామర్థ్యం గల రెండు యంత్రాలు చెరి 70 శాతం భారంతో నడుస్తుండగా ఒకటి ఆగితే, రెండవదానిపై 140 శాతం పడుతుంది. కనుక రద్దీ వేళలో కూడా ఒక్కొక్కటి 50 శాతం మించరాదు. ఖాళీగా కనిపించే ఆ సగం వృథా కాదు.

మూడవది దూరం. ప్రతి నమోదూ రెండో కేంద్రంలో చేరాకే ముందుకు సాగితే సమాచారం పోదు, కానీ దూరం పెరిగేకొద్దీ పని నెమ్మదిస్తుంది. నకలు తర్వాత పంపితే వేగం తగ్గదు, కానీ ప్రమాదవేళ చివరి నమోదులు పోవచ్చు.

4. ఒక ఉదాహరణ

చెల్లింపు వ్యవస్థలైన ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లను రిజర్వు బ్యాంకు 2021లో సాంకేతికంగా మెరుగుపరచింది. ఏప్రిల్ 18న ఆర్‌టీజీఎస్, మే 23న నెఫ్ట్ అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు ఆగాయి. రెండూ ఆదివారాలే. ముందే ప్రకటించి, ఒకటి ఆగినప్పుడు రెండవది నడిచేలా చూడడం మంచి ప్రణాళిక. అయితే ఆర్‌టీజీఎస్ కనీస మొత్తం 2 లక్షల రూపాయలు. అంతకు తక్కువ పంపేవారికి నెఫ్ట్ ఆగిన వేళ అది ప్రత్యామ్నాయం కాదు. ఐఎంపీఎస్ వంటి మరో దారి వారికి అవసరం.

5. ముగింపు

కంప్యూటర్ కేంద్రంలో అన్నీ జంటగా ఉన్నా, మద్నూర్ శాఖకు ఒకే సమాచార మార్గం ఉంటే రైతుకు దక్కే లభ్యత ఆ మార్గపు లభ్యతను మించదు. కనుక ప్రణాళిక రైతు నిలబడిన కౌంటర్ దగ్గర మొదలై వెనక్కు, కేంద్రం వరకు సాగాలి.