ముక్కు దిబ్బడ మాత్రకూ ఏడీహెచ్‌డీ మందుకూ చుట్టరికం

విశాఖపట్నం వైపు నుంచి అరకు కొండల మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం చత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో ముగుస్తుంది. బైలదిల్లా ఇనుప గనులను, రైల్వేను నమ్ముకుని కిరండూల్, బచేలి వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇలాంటి ఊళ్లలో శ్రద్ధ నిలవని, అతి చురుకుదనంతో ఉండే పిల్లలకు, అంటే ఏడీహెచ్‌డీ ఉన్నవారికి, మందు రాయించుకోవాలంటే సాధారణంగా నగరంలోని నిపుణుల దగ్గరకు వెళ్లాలి. జలుబు మాత్ర మాత్రం వీధి చివరి మందుల షాపులో దొరుకుతుంది. అక్కడ ఇల్లూ వాకిలీ అడుగుతారేమో కానీ, పిల్లవాడు ఇంకేం మందు వాడుతున్నాడని అడగడం అరుదు.

అడగాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే ఈ రెండు మందులూ దాయాదులు.

జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి 1885లో ఎఫెడ్రా మొక్క నుంచి ఎఫెడ్రిన్‌ను వేరుచేశారు. ఉబ్బసానికి వాడే ఆ మందుకు ప్రత్యామ్నాయం వెతుకుతూ 1920ల చివర్లో అమెరికా రసాయన శాస్త్రవేత్త గోర్డన్ ఆలెస్ యాంఫెటమిన్ ప్రభావాన్ని గుర్తించారు. 1930లలో అది బెంజెడ్రిన్ పేరుతో, ముక్కు దిబ్బడకు పీల్చే గొట్టంగా మార్కెట్లోకి వచ్చింది. రోడ్ ఐలాండ్ వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ ప్రవర్తన సమస్యలున్న పిల్లలకు బెంజెడ్రిన్ ఇచ్చి చూసి, వారిలో చాలామంది కుదురుగా చదువుకున్నారని 1937లో ప్రకటించారు. ఏడీహెచ్‌డీ చికిత్సకు దారి తీసింది ముక్కు మందే.

ఆ చుట్టరికం శరీరంలో ఎలా బయటపడుతుంది? నాడుల చివర విడుదలయ్యే నోర్‌అడ్రినలిన్ పని పూర్తయ్యాక చాలావరకు మళ్లీ నాడిలోకే వెళ్తుంది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సిటిన్ ఆ తిరుగుదారిని మూస్తాయి. మిథైల్‌ఫెనిడేట్ డోపమిన్ దారినీ మూస్తుంది. ముక్కు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ నిల్వలోని నోర్‌అడ్రినలిన్‌ను బయటికి నెడుతుంది. ఫినైలెఫ్రిన్ అయితే రక్తనాళాల గోడలపై ఉన్న గ్రాహకాలనే నేరుగా తట్టి నాళాలను బిగిస్తుంది. వాచిన ముక్కు పొర తగ్గేది ఇలాగే. అయితే రక్తనాళాలు ముక్కులోనే లేవు కదా! రక్తపోటు, గుండె వేగం పెరిగే అవకాశం రెండు వైపుల నుంచీ ఉంటుంది.

ఎంత పెరుగుతుంది? మిథైల్‌ఫెనిడేట్‌తో సగటున రక్తపోటు 2–4 మిల్లీమీటర్లు, నాడి నిమిషానికి 3–6 సార్లు పెరుగుతుంది. సూడోఎఫెడ్రిన్‌తో పెరుగుదల సగటున ఇంకా తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవారికి ఒక మాత్రతో ముంచుకొచ్చేదేమీ లేదు. చిక్కంతా సగటులో కనిపించనివారితోనే. ఇప్పటికే రక్తపోటు, గుండె జబ్బు, థైరాయిడ్ సమస్య ఉన్నవారికి ఈ కలయిక ప్రమాదం కావచ్చు. పిల్లల్లో ఇంకో తిప్పలుంది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, గాభరా మొదలైతే ఏడీహెచ్‌డీ ముదిరిందని పెద్దలు పొరబడతారు. కారణం జలుబు మాత్రేనని తట్టదు.

ఇంతా చేసి ఆ మాత్ర ముక్కు తెరుస్తుందా అంటే, అదీ అనుమానమే. మన జలుబు మాత్రల్లో తరచుగా కనిపించే ఫినైలెఫ్రిన్‌ను నోటి ద్వారా తీసుకుంటే దిబ్బడ తగ్గదని అమెరికా ఔషధ సంస్థ సలహా సంఘం 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తేల్చింది. క్లోర్‌ఫెనిరమిన్‌తో కలిపిన ఫినైలెఫ్రిన్ మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదన్న హెచ్చరిక ముద్రించాలని మన ఔషధ నియంత్రణ సంస్థ కూడా అదే ఏడాది డిసెంబరులో ఆదేశించింది.

ఉప్పునీటి చుక్కలకు ఈ పేచీ లేదు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు ఎక్కువగా ముక్కులోనే పనిచేసినా కొంత రక్తంలోకి చేరతాయి. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే దిబ్బడ తిరగబెడుతుంది. పిల్లలకు వీటిని డాక్టరును అడిగే వేయాలి. జలుబు చేసిందని ఏడీహెచ్‌డీ మందును సొంతంగా ఆపడం కూడా సరికాదు. ఛాతీ నొప్పి, గుండె దడ, భరించలేని తలనొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మిథైల్‌ఫెనిడేట్ మన చట్టంలో షెడ్యూల్ ఎక్స్ మందు. డాక్టరు చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒకటి దుకాణదారు రెండేళ్లు దాచాలి. జలుబు మాత్రకు అంత కట్టుదిట్టం లేదు. కాబట్టి ఆ చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచుకుని, మాత్ర కొనేముందు షాపులో ఫార్మసిస్టుకు చూపిస్తే సరిపోతుంది.