మీకు తెలుసా? నాడె పట్టుకుని ఫొటో దిగిన లోవెల్ అమ్మాయిలు

అమెరికాలోని మసాచుసెట్స్‌లో లోవెల్ అనే ఒకప్పటి నూలు మిల్లుల నగరం ఉంది. 19వ శతాబ్దంలో అక్కడి మగ్గం పని అమ్మాయిలు కొందరు స్టూడియోలో ఫొటో దిగేటప్పుడు చేతిలో నాడె (మగ్గంలో దారపు కండెతో అటూ ఇటూ తిరిగే సాధనం) పట్టుకునేవారు. అది వాళ్ల గర్వం. పాత ఫొటోల్లో ఆ నాడె ఈ రోజుకీ కనిపిస్తుంది.

ఆ నాడెను కాస్త దగ్గర నుంచి చూడాలి. కొయ్యతో చేసింది, కొసలకు లోహపు మొనలు, పక్కన సన్నటి కన్నం. కొత్త కండె పెట్టినప్పుడల్లా ఆ కన్నానికి నోరు ఆనించి, దారాన్ని పీల్చి బయటికి తీయాలి. దారంతోపాటు దూది దుమ్మూ లోపలికి పోయేది. ఒకే నాడె ఎందరి నోళ్లకో తగిలేది కాబట్టి క్షయ పాకుతుందన్న భయం ఉండేది. ఇలా నోటితో పీల్చే నాడెలను మసాచుసెట్స్ 1911లో గానీ నిషేధించలేదు.

ఈ అమ్మాయిలు ఉండే కంపెనీ హాస్టళ్లలో మద్యం నిషిద్ధం. రాత్రి పదికల్లా తలుపులు మూసేవారు. అయినా 1980లలో లోవెల్‌లోని బూట్ మిల్లు హాస్టళ్ల పెరళ్లు తవ్వితే మద్యం సీసాలు, మట్టి పొగాకు పైపులు, మందుల సీసాలు బయటపడ్డాయి. కంపెనీ కాగితాల్లో లేని బతుకు ఆ మట్టిలో దొరికింది.

మిల్లుల్లో రోజుకు దాదాపు 13 గంటల పని. దాన్ని పదికి తగ్గించమని 1845లో సారా బ్యాగ్లీ అనే మిల్లు కార్మికురాలు, ఆమె తోటి కార్మికులు మసాచుసెట్స్ శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు. సభ ఒప్పుకోలేదు. ఆడవాళ్లకు పది గంటల చట్టం 1874లో వచ్చింది.